ఫ్రేమ్ చెడేది పిన్ను దగ్గరే

రణస్థలం, ఎచ్చెర్ల వైపు హైవే మీద బండి పడి, మోకాలి కింద ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే చాలాసార్లు ముందు పడేది బయటి ఫ్రేమే: చర్మం గుండా ఎముకలోకి దిగే పిన్నులు, వాటిని బయట కలిపి పట్టే రాడ్లు. చూసేవాళ్ల కళ్లన్నీ రాడ్ల మీద. అసలు సంగతి పిన్నులో ఉంది.

పిన్ను వంగకుండా నిలిచే బలం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 4 మిల్లీమీటర్లది 5 చేస్తే దాదాపు రెండున్నర రెట్లు. అలాగని లావు పెంచుకుంటూ పోతే కుదరదు. ఎముక వ్యాసంలో మూడో వంతు దాటితే ఆ కన్నం దగ్గరే ఎముక విరగొచ్చు. 5 పిన్నుకి ముందు 3.5 డ్రిల్, పదునుగా ఉన్నది, సెలైన్ పోస్తూ నెమ్మదిగా. మొద్దు డ్రిల్‌తో తొందరపడితే ఎముక కాలి చస్తుంది, కొన్ని వారాలకి పిన్ను ఊగుతుంది, చీము మొదలు.

హైడ్రాక్సీఅపటైట్ (ఎముకలో ఉండే ఖనిజం లాంటిదే) పూత పిన్నులు ఎముకని బాగా పట్టుకుంటాయి. కార్బన్ రాడ్లు ఎక్స్‌రేలో విరుపుకి అడ్డురావు, ఖరీదే ఎక్కువ. పిన్నుని రాడ్‌కి బిగించే క్లాంపుల్లో పక్కనుంచి తగిలించేవి వచ్చాక ఫ్రేమ్ విప్పకుండానే ఇంకో పిన్ను కలపొచ్చు. నా లెక్కలో పెద్ద మార్పు ఇదే.

రాడ్ ఎముకకి దగ్గరుంటే గట్టి. కానీ వాపుకి, కట్టు గుడ్డ దూర్చడానికి రెండు వేళ్ల సందు వదలాలి. ఇంటికెళ్లాక పిన్ను చుట్టూ పసరు పూయొద్దు, పిన్నులు తీసేదాకా మడిలో దిగొద్దు.