ఉండిపోయినవాళ్ళ నవల

బొమ్మలున్న పుస్తకం చిన్నపిల్లలదేనని మా గుంటూరులో ఇంకా చాలామంది నమ్మకం. ఈ సెలవుల్లో మా అమ్మాయి చేతిలో బొమ్మల నవల కనిపించినప్పుడల్లా ఇంటికొచ్చినవాళ్ళెవరో ఒకరు "ఇంకా బొమ్మల పుస్తకాలేనా తల్లీ?" అని అడుగుతూనే ఉన్నారు. నాజీల చేతుల్లో తన తండ్రి పడ్డ యాతనని, యూదుల్ని ఎలుకలుగా జర్మన్లని పిల్లులుగా గీసి చెప్పిన ఆర్ట్ స్పీగల్‌మన్ 'మౌస్'కి 1992లోనే పులిట్జర్ ప్రత్యేక బహుమతి ఇచ్చారు. ఆ సంగతి చెప్తే తలూపుతారు, మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. ఈ మధ్య చదివినవాటిలో నా మనసులో గట్టిగా నిలిచినవి చాలావరకు బొమ్మల నవలలే. వాటిని పిల్లలతో కలిసి, అదీ అమ్మ ఇంట్లో కూర్చుని చదివాక, పరదేశం వెళ్ళినవాళ్ళ కథల్లో ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్ళు ఎక్కడున్నారన్న ప్రశ్న నన్ను పట్టుకుంది.

మేముండేది మెల్‌బోర్న్‌లో. అక్కడ వేసవి సెలవులు డిసెంబరు చివర్లో మొదలై జనవరి నెలాఖరు దాకా ఉంటాయి. అందుకని వీలైనప్పుడల్లా సంక్రాంతికి బ్రాడీపేటలో అమ్మావాళ్ళ ఇంటికి చేరతాం. మా పెద్దదానికి 14 ఏళ్ళు, చిన్నాడికి 9. ఇద్దరికీ తెలుగు అర్థమవుతుంది, పెద్దది బాగానే మాట్లాడుతుంది, చిన్నాడు మాటలు వెతుక్కుంటాడు. చదవడం ఇద్దరికీ రాదు. అమ్మకి ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, పుస్తకం చదివేంత రాదు.

అలాంటి ఇంట్లోకి షాన్ టాన్ 'ది అరైవల్' తీసుకెళ్ళాను. 2006లో వచ్చిన ఈ పుస్తకంలో ఒక్క మాట కూడా ఉండదు. టాన్ ఆస్ట్రేలియాలో, పెర్త్‌లో పెరిగినవాడు. వాళ్ళ నాన్న మలేషియా నుంచి వచ్చారు. కథ చిన్నదే: ఒకతను భార్యనీ కూతుర్నీ ఇంటి దగ్గర వదిలి, ఓడెక్కి, తెలియని నగరానికి పోతాడు. పాత ఫొటో ఆల్బమ్ రంగులో ఉంటాయి బొమ్మలన్నీ. అతను దిగిన ఊళ్ళో బోర్డుల మీద రాసిన లిపి రచయిత సొంతంగా కల్పించింది. ప్రపంచంలో ఎవరూ దాన్ని చదవలేరు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ వరండాలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. చిన్నాడు పక్కన చేరి పేజీలు తిప్పుతున్నాడు.

"ఈ బోర్డు మీద ఏం రాసుందిరా?"

"ఎవరికీ తెలీదు అమ్మమ్మా. ఇతనికి కూడా తెలీదు."

"మరి ఎట్టా తిరుగుతాడు ఊళ్ళో?"

"బొమ్మేసి చూపిస్తాడు. చూడు, రొట్టె బొమ్మ వేశాడు."

వాడికి తెలుగులో మాట దొరక్కపోతే వేలు పెట్టి చూపిస్తున్నాడు. ఆవిడ చిక్కుడుకాయ పట్టుకునే వంగి చూస్తోంది. ఇద్దరిలో ఎవరూ ఎవరికీ చదివి చెప్పనక్కర్లేదు, ఇద్దరూ సమానం. ఫోన్‌లో "తిన్నావా, బాగున్నావా" దాటి ముందుకి సాగని వాళ్ళిద్దరూ ఆ మధ్యాహ్నం అంతసేపు మాట్లాడుకోవడం నేను మొదటిసారి చూశాను.

పుస్తకం మొదట్లో ఆ తండ్రి ఇంట్లో అందరూ కలిసి తీయించుకున్న ఫొటోని కాగితంలో చుట్టి పెట్టెలో సర్దుకుంటాడు. అమ్మ అక్కడ ఆగింది. "ఫొటో బట్టల మధ్యలో పెట్టాలి, లేపోతే అద్దం పగులుద్ది. మీ అమ్మ పెట్లో నేనట్టాగే పెట్టా," అంది. ఇక అక్కణ్ణించి నా ప్రయాణం కథ మొదలైంది. ఆవకాయ సీసా మూతకి మైనం పోసి, పైన గుడ్డ కట్టి, రెండు పాలిథిన్ కవర్లు వేసినా నిద్ర పట్టక రాత్రి లేచి పెట్టె తెరిచి వాసన చూసుకుందట. బరువు ఎక్కువైందని విమానాశ్రయంలో తీయించేస్తారేమోనని ముందురోజు వీధి చివర కిరాణా కొట్టుకి తీసుకెళ్ళి తూకం వేయించారట నాన్న. ఇవేవీ నాకు తెలియవు. నేను ఆ రోజుల్లో వీసా కాగితాల హడావిడిలో ఉన్నాను. మా పిల్లలు అడగబట్టి, వాళ్ళ పక్కన కూర్చుని నేనూ విన్నాను.

చివరికి అమ్మ అడిగిన ప్రశ్న ఇది: "వెళ్ళినాయన సంగతంతా చెప్పాడు సరే, ఇంటికాడ ఉన్న ఆడకూతురు ఎట్టా ఉందో చూపించడేం?"

నిజమే. అతను బయల్దేరాక పుస్తకం అతని వెంటే పోతుంది. కొత్త ఊళ్ళో అతనికి తారసపడ్డ ఒక్కొక్కరూ తాము ఎందుకు పారిపోయి వచ్చారో చెప్పుకుంటారు, వాళ్ళందరికీ బొమ్మలున్నాయి. భార్యాపిల్ల మళ్ళీ కనిపించేది వాళ్ళు కూడా ఆ ఊరు చేరేటప్పుడే. నాకు ఈ పుస్తకం మీద ఉన్న ప్రేమ దీనివల్ల తగ్గలేదు. కానీ ఆ ప్రశ్న పట్టుకుని మిగతావి చదివితే, పరదేశం వెళ్ళినవాళ్ళ సాహిత్యం నేను ఎంత ఇష్టంగా చదువుకుంటూ వచ్చానో, అందులో మా అమ్మలాంటి మనిషి ఎంత తక్కువగా ఉందో తెలిసొచ్చింది.

ఝుంపా లాహిరి 'ది నేమ్‌సేక్' (2003) మళ్ళీ తీశాను. మొదటి పేజీలోనే అషిమా నిండు నెలలతో వంటింట్లో నిలబడి, రైస్ క్రిస్పీస్‌లో వేరుసెనగపప్పులూ ఉల్లిపాయ ముక్కలూ కలుపుతూ కలకత్తా వీధుల్లో తిన్న చిరుతిండి రుచి కోసం చూస్తుంటుంది. మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో మిక్చర్ బండి రుచి కోసం నేనూ మరమరాల్లాంటివి ఏం దొరికితే అవి కలిపేదాన్ని. అందుకే ఆ పేజీ నాకు కంఠతా వచ్చినంత పని. ఈసారి మాత్రం నా దృష్టి కలకత్తాలో ఉన్న ముసలావిడ మీదికి పోయింది. అషిమా అమ్మమ్మ పుట్టబోయే బిడ్డకి పేరు ఎంచి, ఎవరికీ చెప్పకుండా ఉత్తరంలో రాసి పంపుతుంది. ఆ ఉత్తరం చేరదు. దాంతో పిల్లవాడికి గోగోల్ అనే పేరు స్థిరపడి, నవల అంతా ఆ పేరు చుట్టూ తిరుగుతుంది. ఆ ఉత్తరం రాసిన రోజు ఆవిడ ఏం ఆలోచించింది? జవాబు కోసం ఎన్నాళ్ళు చూసింది? నవల పోస్టాఫీసు దాకా వచ్చి, సముద్రం దాటేస్తుంది. అది లాహిరి లోపమని నేననను, ఆవిడ రాయదలుచుకున్నది వేరే. కానీ ఆ ముసలావిడ గదిలో ఇంకో పది పేజీలు ఉంటే బాగుండుననిపించింది.

జీన్ లూయెన్ యాంగ్ 'అమెరికన్ బార్న్ చైనీస్' పిల్లలిద్దరికీ నచ్చింది. 2006లో వచ్చింది, మరుసటి ఏడాది, అమెరికాలో టీనేజి పిల్లల పుస్తకాలకిచ్చే ప్రింట్జ్ అవార్డు తీసుకున్న తొలి బొమ్మల నవల ఇదే. జిన్ వాంగ్ అనే పిల్లవాడు కొత్త బడికి వెళ్తే టీచరు పేరు తప్పు పలికి, చైనా నుంచి వచ్చాడని చెప్తుంది. వాడు నిజానికి వచ్చింది శాన్ ఫ్రాన్సిస్కో నుంచి. అది చదివి మా పెద్దది ఏమీ అనలేదు, ఆ పేజీ నా వైపు తిప్పి చూపించి మళ్ళీ చదువుకుంది. అమ్మగా నాకు ఆ ఒక్క కదలికతో దాని బడి గురించి చాలా తెలిసింది.

అందులోనే వానర రాజు కథ నడుస్తుంది. దేవతల విందుకి వెళ్తే కాళ్ళకి చెప్పుల్లేవని గుమ్మం దగ్గరే ఆపేస్తారు. అవమానంతో తిరిగొచ్చి కోతులన్నీ ఇకనుంచి బూట్లు తొడుక్కోవాలని ఆజ్ఞ వేస్తాడు. చిన్నాడు పరుగెత్తుకెళ్ళి "తాతయ్యా, హనుమంతుడికి చెప్పులున్నాయా?" అని అడిగాడు. నాన్నకి ఇంతకన్నా కావలసిందేముంది? సంజీవని దాకా వెళ్ళారు ఆ సాయంత్రం. ఒక్క హెచ్చరిక మాత్రం చెప్పాలి. ఈ నవలలో చిన్-కీ అనే పాత్ర ఉంది. చైనావాళ్ళ మీద ఉన్న వెకిలి ఊహలన్నీ కావాలని పోగేసి చేసిన పాత్ర అది. తొమ్మిదేళ్ళవాడికి ఆ వెటకారం ఎవరి మీదో తెలియదు. ఆ భాగం వాడి చేతికి ఇచ్చి వదిలెయ్యకండి, పక్కన కూర్చోండి.

నిధి చనాని 'పష్మీనా' (2017) గురించి ఎక్కువ చెప్పను. కథలో అమ్మాయి శాలువా కప్పుకోగానే నలుపు తెలుపు బొమ్మలు రంగుల్లోకి మారి ఇండియా కనిపించడం చిన్నాడికి భలే నచ్చింది. అదంతా పూర్తి నిజం కాదని కథే తర్వాత చెప్తుంది, అది నాకు నచ్చింది. అయినా పుస్తకం మొత్తంగా ఎందుకో మనసుకి పట్టలేదు, అంతే.

మర్జాన్ సత్రపి 'పర్సెపొలిస్' దగ్గరికి వస్తే నాకు మాటలు ఆగవు. ఫ్రెంచిలో 2000 నుంచి 2003 దాకా నాలుగు భాగాలుగా వచ్చిన ఆత్మకథ ఇది. నవల అనకూడదేమో గానీ నవలలాగే చదువుతాం. ఇరాన్‌లో విప్లవం, ఆ వెంటనే యుద్ధం. కూతుర్ని కాపాడుకోవడానికి తల్లిదండ్రులు 1984లో వియన్నా పంపించేస్తారు. అప్పటికి ఆ పిల్లకి 14, అచ్చం మా పెద్దదాని వయసు. బయల్దేరే ముందు రాత్రి ఆమె తన అమ్మమ్మ గుండెల మీద తలపెట్టి పడుకుంటుంది. ఆవిడ రోజూ పొద్దున్నే మల్లెపూలు కోసి రవికెలో వేసుకుంటుంది, ఒళ్ళంతా ఆ వాసన. నీ మర్యాద నువ్వు కాపాడుకో, నీకు నువ్వు నిజంగా ఉండు అని చెప్తుంది ఆ రాత్రి. తర్వాత వియన్నాలో ఒకరితో తాను ఫ్రెంచి పిల్లనని అబద్ధమాడినప్పుడు మర్జాన్‌కి గుచ్చుకునేవి ఆ మాటలే.

మొదటి సగం విమానాశ్రయంలో ముగుస్తుంది. లోపలికి వెళ్ళిపోయిన పిల్ల ఆఖరిసారి వెనక్కి తిరిగి చూస్తే, అద్దం అవతల స్పృహ తప్పిన తల్లిని తండ్రి చేతుల మీద మోసుకుపోతుంటాడు. ఆ ఒక్క బొమ్మలో ఉండిపోయినవాళ్ళు పేజీ మధ్యలోకి వచ్చారు. మా పెద్దది ఆ పేజీ అమ్మకి చూపించి, కథంతా తెలుగులో తనే చెప్పింది. అమ్మ కాసేపు చూసి, "నేను అట్టా పడిపోలేదు. బండి నడిపేది మీ తాతయ్య, నేను పడితే ఆయనకి టెన్షన్ అని గట్టిగా కూర్చున్నా. కృష్ణ బ్రిడ్జి వచ్చాక ఆయనే పక్కకి తీసి ఆపారు," అంది. ఎందుకాపారని పిల్ల అడగలేదు. నేనూ అడగలేదు.

మన కథల్లో ఈ తల్లులు లేరని కాదు. విదేశాల్లో ఉన్న కొడుకు ఫోన్ కోసం చూస్తూ కూర్చునే ముసలమ్మ మన పత్రికల్లో బోలెడుసార్లు కనిపించింది. నాకు ఆ కథల మీద కోపం. ఆ ముసలమ్మకి ఎదురుచూడ్డం తప్ప వేరే పని ఉండదు. చివర్లో ఆవిడ పోతుంది, కొడుకు ఆలస్యంగా వస్తాడు, చదివినవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటారు. మా అమ్మకి చీటీపాట ఉంది, మేడ మీద కుండీల్లో బెండకాయలున్నాయి, లలితా సహస్రనామం బృందంలో ఎవరు శ్రుతి తప్పుతున్నారో అన్న పట్టింపు ఉంది. వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండర్లో ఏకాదశుల పక్కనే, అక్టోబరు మొదటి ఆదివారం, ఏప్రిల్ మొదటి ఆదివారం దగ్గర పెన్నుతో గుర్తు పెట్టుకుంటుంది. ఆ రోజుల్లో మెల్‌బోర్న్ గడియారాలు గంట ముందుకీ వెనక్కీ జరుగుతాయి. నాలుగున్నర గంటల తేడా అయిదున్నర అవుతుంది, మళ్ళీ నాలుగున్నర అవుతుంది. నేను మర్చిపోయినా ఆవిడ మర్చిపోదు. ఇలాంటి మనిషి నాయికగా నవల కావాలి నాకు. అందులో మెల్‌బోర్న్ ఫోన్‌లో వినిపించాలి అంతే, పేజీ గుంటూరు దాటకూడదు.

పుస్తకాల పండగకి నాన్న మమ్మల్ని బస్సులో విజయవాడ తీసుకెళ్ళారు. ఏళ్ళ తరబడి అది జరిగిన స్వరాజ్ మైదానంలో ఇప్పుడు 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఉంది. నేననుకున్న నవల ఆ స్టాళ్ళలో నాకు దొరకలేదు. తిరిగొచ్చేటప్పుడు లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల దగ్గర ఆగితే, నాన్నకి విడి చందమామలు కొన్ని దొరికాయి. భుజాన శవంతో, చేత కత్తితో నడిచే విక్రమార్కుడు, శంకర్ గీసిన ఆ బొమ్మ చూడగానే మా పెద్దది అక్కడే నిలబడిపోయింది. అంత చిన్న చోటులో చెట్టూ చీకటీ భయమూ ఎలా పట్టించాడని దాని ఆశ్చర్యం. బొమ్మల పుస్తకాలంటే పెదవి విరిచే మా చుట్టాలంతా ఆ బొమ్మ చూస్తూ పెరిగినవాళ్ళే.

మెల్‌బోర్న్ వచ్చాక మా పెద్దది గియ్యడం మొదలుపెట్టింది. అమ్మమ్మ ఒక రోజు, తెల్లారుజామున ముగ్గు దగ్గర్నించి. సర్పంలా తిరిగే ఆ మెలికల ముగ్గు ఎక్కడ మొదలవుతుందో తెలియక వీడియో కాల్‌లో రెండుసార్లు వేయించుకుంది. అమ్మకి తన చేతులు అంత ముడతలుగా ఉండవని అభ్యంతరం ఉంది, పిల్ల మార్చనంటోంది. తెలుగు రాయడం రాదు కాబట్టి మాటల బుడగలు ఖాళీగా వదిలి వాట్సాప్‌లో పంపుతుంది. నాన్న ప్రింటు తీయించుకుని, అమ్మ చెప్పింది చెప్పినట్టు అందులో రాసి, ఫొటో తీసి తిరిగి పంపుతారు. ఆవిడ మాటలు బుడగల్లో పట్టడం లేదు, వచ్చే పేజీ నుంచి ఇంకొంచెం పెద్దవి గియ్యమని నిన్న మెసేజ్ పెట్టారు.