గాట్స్, ప్రభుత్వ ఉన్నత విద్య: గ్రూప్-1 మెయిన్స్ కోసం నేను చదివిన తీరు

గ్రూప్-1 మెయిన్స్ రాసే మిత్రుల కోసం, ముఖ్యంగా తెలుగు మీడియంవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ) అనగానే మనం వ్యవసాయ సబ్సిడీలు, పేటెంట్లు గట్టిగా చదువుతాం. సేవల వాణిజ్యం దగ్గరికి వచ్చేసరికి నాలుగు పాయింట్లు బట్టీపట్టి పేజీ తిప్పేస్తాం. ఉన్నత విద్య మీద దాని ప్రభావం అడిగితే పెన్ను కదలదు. తిరుపతిలో చదివే మనకి ఇది దూరపు విషయం కాదు. 1954లో ఎస్వీ యూనివర్సిటీ, 1983లో పద్మావతి మహిళా యూనివర్సిటీ రాకపోయి ఉంటే, మన పక్క ఎన్నో ఇళ్ళల్లో పీజీ దాకా చదివినవాళ్ళే ఉండేవాళ్ళు కాదు.

సేవల వాణిజ్య ఒప్పందం గాట్స్ 1995 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. సేవలు దేశం దాటే నాలుగు మార్గాలనూ నేను మనకు తెలిసిన ఉదాహరణలతోనే గుర్తుపెట్టుకున్నాను. బాలాజీ కాలనీ హాస్టల్లో కూర్చుని విదేశీ యూనివర్సిటీ ఆన్‌లైన్ కోర్సు చేస్తే మొదటిది. చిత్తూరు కుర్రాడు బ్యాంకు లోన్ తీసుకుని ఎంఎస్‌కి అమెరికా వెళ్తే రెండోది. ఆస్ట్రేలియా డీకిన్ యూనివర్సిటీ గుజరాత్ గిఫ్ట్ సిటీలో పెట్టిన క్యాంపస్ మూడోది. అక్కడి ప్రొఫెసర్ కొన్నాళ్ళు ఇక్కడికొచ్చి పాఠం చెబితే నాలుగోది.

ఎక్కువ సమయం పెట్టాల్సింది మాత్రం గాట్స్ ఆర్టికల్ 1, మూడో క్లాజు మీద. ప్రభుత్వ అధికార నిర్వహణలో అందించే సేవలకు ఒప్పందం వర్తించదని అందులో ఉంది. అయితే ప్రభుత్వ యూనివర్సిటీలకు ఢోకా లేదనిపిస్తుంది. కానీ ఆ సేవ వాణిజ్య ప్రాతిపదికన ఉండకూడదు, ఇతర సంస్థలతో పోటీలోనూ ఉండకూడదు అని షరతు. మన యూనివర్సిటీలు ఫీజు తీసుకుంటాయి, పక్కనే ప్రైవేటు యూనివర్సిటీలున్నాయి. మరి మినహాయింపు నిలుస్తుందా? ఒప్పందంలో దీనికి సూటి జవాబు లేదు. మీ జవాబులో విశ్లేషణ మొదలవ్వాల్సింది ఇక్కడే.

'డబ్ల్యూటీవో వల్లే మన ఉన్నత విద్య ప్రైవేటుపరమైంది' అని మాత్రం రాయకండి. డబ్ల్యూటీవో పుట్టుకకు దారితీసిన ఉరుగ్వే రౌండ్ చర్చల్లో, విద్యను విదేశీ సంస్థలకు తెరుస్తామని భారత్ ఏ హామీ ఇవ్వలేదు. 2005లో సవరించిన ప్రతిపాదనలో ఉన్నత విద్యను చేర్చినా, డబ్ల్యూటీవో తర్వాతి విడత దోహా చర్చలు కొలిక్కి రాక అది కట్టుబాటుగా మారలేదు. 2015లో డబ్ల్యూటీవో నైరోబీ సమావేశానికి ముందు దాన్ని వెనక్కి తీసుకోవాలని విద్యార్థులు ఢిల్లీలో రోడ్డెక్కారు. వాళ్ళ భయంలో న్యాయముంది. ఒకసారి హామీ ఇచ్చాక మార్చుకోవాలంటే గాట్స్ ఆర్టికల్ 21 ప్రకారం నష్టపోయే దేశాలతో పరిహారం మాట్లాడుకోవాలి. మన పార్లమెంటు చేసిన చట్టమైతే పార్లమెంటే మార్చగలదు.

నిజానికి మార్పు చాలావరకు మన విధానాల్లోంచే వచ్చింది. యూనివర్సిటీలు 15 శాతం నిధులు సొంతంగా సమకూర్చుకోవాలని, పదేళ్ళలో 25 శాతానికి చేరాలని యూజీసీ (యూనివర్సిటీలకు గ్రాంట్లిచ్చే కేంద్ర సంస్థ) వేసిన జస్టిస్ పున్నయ్య కమిటీ చెప్పింది. అప్పటికి గాట్స్ ఇంకా రాలేదు. 2017లో వచ్చిన హెఫా (ఉన్నత విద్యకు నిధులిచ్చే కేంద్ర ఏజెన్సీ) అయితే క్యాంపస్ కట్టడాలకు గ్రాంటు బదులు అప్పు ఇస్తుంది.

దీని ఫలితం పీజీ కౌన్సెలింగ్‌లో కనిపిస్తుంది. అదే కోర్సు, అదే క్లాసు, అదే బెంచీ. ఒకరిది రెగ్యులర్ సీటు, పక్కవాళ్ళది ఎక్కువ ఫీజు కట్టే సెల్ఫ్ ఫైనాన్స్ సీటు. చలానాలో అంకె ఒక్కటే వేరు. నా రూమ్మేట్‌కి అలాంటి సీటొస్తే, వాళ్ళ నాన్న పాడి ఆవును అమ్మి మొదటి ఏడాది ఫీజు కట్టారు. పాలకేంద్రం నుంచి వచ్చే డబ్బుతోనే ఆ ఇల్లు నడిచేది. రెగ్యులర్ పోస్టులు నింపకుండా అకడమిక్ కన్సల్టెంట్లతో, అంటే తాత్కాలిక అధ్యాపకులతో, క్లాసులు లాగించడం ఇంకో ముఖం. ఈ రెండూ రాస్తే మీ జవాబు గైడు నుంచి దించినట్టు ఉండదు.

చివర్లో తాజా పరిణామం రాయండి. విదేశీ విద్యాసంస్థల బిల్లు 2010లో వచ్చి చట్టం కాలేదు. 2020 జాతీయ విద్యా విధానం విదేశీ యూనివర్సిటీల క్యాంపస్‌లకు తలుపు తీసింది, 2023 యూజీసీ నిబంధనలు దారి వేశాయి. ఆ క్యాంపస్‌లు ఫీజులు, అడ్మిషన్ల పద్ధతి తామే నిర్ణయించుకోవచ్చు. రిజర్వేషన్లు పాటించాలన్న షరతు లేదు. దీన్ని 93వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 15(5) అధికరణ పక్కన పెట్టి చూపించండి. ప్రైవేటు విద్యాసంస్థల్లోనూ రిజర్వేషన్లు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది ఆ అధికరణే.