కోల్‌ట్రేన్ నూరేళ్లకు ఇద్దరి కచేరీ: ఫిబ్రవరి నుంచి ఆగస్టు వరకు సాధన

ఈ సెప్టెంబరు 23కు అమెరికన్ జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్‌ట్రేన్ పుట్టి నూరేళ్లు నిండుతాయి. ఆ సాయంత్రం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న మా ఇంటి బేస్‌మెంట్‌లో, పదిహేను మంది మిత్రుల ముందు, టెనర్ శాక్సఫోన్, డ్రమ్స్ తప్ప మరే వాద్యమూ లేకుండా ఇరవై నిమిషాలు వాయించాలని నేనూ మా బావమరిదీ ఫిబ్రవరిలో నిర్ణయించుకున్నాము. నేను తొమ్మిదేళ్లుగా తీరిక వేళల్లో శాక్సఫోన్ సాధన చేస్తున్న ఉద్యోగిని. అతను చిన్నప్పుడు విజయవాడలో మృదంగం నేర్చుకుని, ఇక్కడికి వచ్చాక డ్రమ్స్ ముందు కూర్చున్నవాడు.

ఇద్దరే వాయించాలన్న ఆలోచన మాది కాదు, కోల్‌ట్రేన్‌దే. 1967 ఫిబ్రవరి 22న, మా ఊరికి గంట దూరంలోని ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో, రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో ఆయన డ్రమ్మర్ రషీద్ అలీతో కలిసి గ్రహాల పేర్లతో కొన్ని భాగాలు రికార్డు చేశారు. పియానో లేదు, మంద్రస్వరాల తీగవాద్యమైన బేస్ లేదు. మిగతావాళ్లెవరూ రావడం లేదన్న సంగతి స్టూడియోకు వెళ్లాకే తెలిసిందని అలీ తర్వాత చెప్పుకున్నారు. అదే ఏడాది జూలై 17న, నలభయ్యేళ్ల వయసులో, కోల్‌ట్రేన్ కన్నుమూశారు. ఆ రికార్డు 'ఇంటర్‌స్టెల్లార్ స్పేస్' పేరుతో 1974లో గాని బయటకు రాలేదు. పెళ్లిళ్లలో సన్నాయి, డోలు విని పెరిగిన చెవికి ఈ కూర్పు కొత్తగా తోచకపోవచ్చు గాని, అక్కడ వెనక శ్రుతి పట్టేవారు ఒకరుంటారు, ఇక్కడ ఆ ఆధారం కూడా లేదు.

మొదటి అంశంగా కోల్‌ట్రేన్ 1959 నాటి రచన 'కౌంట్‌డౌన్' ఎంచుకున్నాము. రెండున్నర నిమిషాలు కూడా లేని ఆ రికార్డు ఆర్ట్ టేలర్ డ్రమ్స్‌తో ఒంటరిగా మొదలవుతుంది, తర్వాత శాక్సఫోన్ చేరి ఇద్దరే సాగుతారు, పియానో, బేస్ ఆ తర్వాత వస్తాయి, అసలు పల్లవి మాత్రం చిట్టచివర వినిపిస్తుంది. మైల్స్ డేవిస్ పేరుతో ప్రసిద్ధమైన 'ట్యూన్ అప్' అనే రచన స్వరచట్రాన్ని తీసుకుని, అందులో నాలుగు బార్లు (బార్ అంటే ఇక్కడ నాలుగు దెబ్బల కొలత) ఒకే శ్రుతివైపు నడిచే చోట కోల్‌ట్రేన్ మూడు శ్రుతులను ఇరికించారు. మొదటి నాలుగు బార్లలో, పాశ్చాత్య స్వరాల పేర్లతో చెబితే, డి చేరుకోవడానికి ముందు బి ఫ్లాట్, ఆ తర్వాత జి ఫ్లాట్ తాకాలి. డి ని షడ్జమంగా పెట్టుకుంటే అవి వరుసగా శుద్ధ ధైవతం, అంతర గాంధారం. అంటే స్థాయిని నాలుగేసి మెట్ల చొప్పున మూడు సమభాగాలు చేసి, ఆ మూడింటినీ వంతులవారీగా షడ్జమం చేయడమన్నమాట. ఈ సంగతి కాగితం మీద వేసుకున్న రోజునే నాకు ఈ రచన లొంగుతుందన్న నమ్మకం కలిగింది. టెనర్‌కు రాసేటప్పుడు అంతా ఒక పూర్తి స్వరం, అంటే రెండు మెట్లు, పైకి జరుగుతుంది కనుక నా కాగితం మీద అవి ఇ, సి, ఎ ఫ్లాట్.

మార్చి అంతా ఒకే పని చేశాను. కోల్‌ట్రేన్ ఆ కాలంలో తరచుగా వాడిన ఒకటి, రెండు, మూడు, ఐదు అనే స్వరాల వరుస మనకు 'స రి గ ప' అవుతుంది. దానిని సరళీవరసల మాదిరిగా మూడు శ్రుతులలోనూ, ఎక్కడా ఆగకుండా, మెట్రోనోమ్ (లయ యంత్రం) నిమిషానికి 80 దెబ్బల మీద రోజుకు ఇరవై నిమిషాలు వాయించాను. నెలాఖరుకు 96, మే నాటికి 132, ప్రస్తుతం 168. అసలు రికార్డు వేగం ఇంకా చాలా పైన ఉంది, సెప్టెంబరులోగా దానిని అందుకుంటానన్న భ్రమ నాకు లేదు. 150 దాటాక మూడో నంబరు రీడ్‌తో (శాక్సఫోన్ మూతిలో కంపించే పలుచని పుల్ల, నంబరు పెరిగేకొద్దీ గట్టిది) కింది స్వరాలు సమయానికి పలకకపోవడంతో రెండున్నరకు మారాను. మూడు రీడ్‌లకు అంకెలు వేసి రోజుకొకటి వాడుతున్నందువల్ల ఏ ఒక్కటీ తొందరగా మెత్తబడడం లేదు.

పియానో లేనప్పుడు శ్రుతి మారిందని వినేవారికి తెలియజేయవలసిన బాధ్యత శాక్సఫోన్‌దేనని సిద్ధాంతంగా తెలుసు. రికార్డింగ్ వింటేగాని నేను ఎంత ఎగవేస్తున్నానో తెలియలేదు. వేగం పెరిగిన చోట గాంధారం వదిలేసి షడ్జమ పంచమాలతో సరిపెడుతున్నాను, అప్పుడు మూడు శ్రుతులూ ఒకటిగానే వినిపిస్తున్నాయి. ఇప్పుడు ప్రతి మార్పులోనూ మొదటి దెబ్బకే గాంధారం పలికేలా వరుసలు తిరగరాసుకున్నాను.

డ్రమ్స్ సంగతిలో మే నెల కొంత వృథా అయిందనే చెప్పాలి. మృదంగపు అలవాటు పోని మా బావమరిది, శ్రుతి చేయని వాద్యం ముందు కూర్చోలేనంటూ, ఫ్లోర్ టామ్‌ను (నేల మీద నిలిపే పెద్ద డ్రమ్) డి కి బిగించాడు. పాట డి లో ఉన్నంతసేపు బాగానే ఉంది, బి ఫ్లాట్‌లోకి, జి ఫ్లాట్‌లోకి వెళ్లినప్పుడల్లా ఆ దెబ్బ పక్కింటి నుంచి వచ్చినట్టు వినిపించింది. మూడు వారాల వాదన తర్వాత, కింది చర్మాన్ని వదులు చేసి, నిర్దిష్టమైన స్వరం వినిపించకుండా చేశాడు. అతని మరో అలవాటు మాత్రం మాకు వరమైంది. పదహారు బార్లంటే అరవై నాలుగు దెబ్బలు, ఆది తాళంలో ఎనిమిది ఆవర్తాలు. ఎనిమిదో ఆవర్తంలో అతను చిన్న ముక్తాయింపు వేస్తాడు, నేను దారి తప్పినా అక్కడ దొరికిపోతాను. "బావా, నువ్వు తప్పిపోయావని నాకు ముందే తెలుస్తుంది, నీ భుజాలు పైకి లేస్తాయి" అంటాడు.

రికార్డింగ్‌కు ఫోనే వాడుతున్నాము. డ్రమ్స్‌లోని పెద్ద తాళం, రైడ్ సింబల్, అన్నిటినీ మింగేస్తుంటే, ఫోన్‌ను డ్రమ్స్‌కు ఎనిమిది అడుగుల దూరంలో, నా నడుము ఎత్తున పెట్టాము, కొంత నయం. చెవుల్లో ప్లగ్‌లు లేకుండా ఎవరమూ కూర్చోము.

రెండో అంశం 'ఇంటర్‌స్టెల్లార్ స్పేస్'లోని 'వీనస్' (శుక్రుడు) దారిలో మా సొంత ఆలాపన. ఆ భాగంలో అలీ బ్రష్‌లతో వాయించిన తీరు విన్నాక మా బావమరిది కర్రలు పక్కన పెట్టాడు. నా ఊపిరి శబ్దం కూడా వినిపించే ఆ నెమ్మదిలో ఏడు నిమిషాలు నిలబడడం 'కౌంట్‌డౌన్' కంటే కష్టంగా ఉంది. ఆ రికార్డులో కోల్‌ట్రేన్ చిరుగంటలు మోగిస్తారు, వాటికి బదులు మా చెల్లెలి పాత కూచిపూడి గజ్జెలు ఒక వరుస తెచ్చుకున్నాము. మూడోది 1965లో ఆయన డ్రమ్మర్ ఎల్విన్ జోన్స్‌తో ఇద్దరే వాయించిన 'విజిల్'. పేరు చూసి ఈల అనుకోరాదు, జాగరణ అని అర్థం.

ఆగస్టు మొదటి ఆదివారం మూడింటినీ వరుసగా వాయించి చూస్తే ఇరవై ఆరు నిమిషాలు వచ్చింది. 'జాగరణ'లో నేను రెండుసార్లు చెప్పిందే చెబుతున్నాను, ఆరు నిమిషాలూ అక్కడే కోయాలి. ఎక్కడ ఆపాలో నాకు సైగ చేసే పని గజ్జెలకు అప్పగించాము, వచ్చే ఆదివారం అలా వాయించి చూస్తాము.