అమెరికా లాక్ ఫోన్‌లో మన సిమ్ పనిచేయించిన కథ – నా అనుభవం

మా చెల్లి టెక్సాస్‌లో చదువు పూర్తి చేసి అక్కడే ఉద్యోగం చేస్తోంది. తను కొత్త ఫోన్ కొనుక్కుని పాత ఐఫోన్ 13ని సంక్రాంతికి వస్తున్న తెలిసినవాళ్ల చేత అమ్మకి పంపించింది. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. అమ్మ సిమ్ తీసి అందులో వేయగానే ‘సిమ్ నాట్ సపోర్టెడ్’ అని వచ్చింది. నా సిమ్ వేసినా అంతే, పక్కింటివాళ్లది వేసినా అంతే.

మా వైపు ఇలాంటిది ఎవరికీ అనుభవం లేదు. కోనసీమలో ఇంటికొకరు కువైట్‌లోనో దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు, వాళ్లు తెచ్చే ఫోన్లలో మన సిమ్ వేస్తే మారు మాట్లాడకుండా పనిచేస్తుంది. అమెరికా లెక్క వేరు. అక్కడ చాలామందికి ఫోన్‌ని నెట్‌వర్క్ కంపెనీయే రెండు మూడేళ్ల వాయిదాల మీద ఇస్తుంది, బాకీ తీరేదాకా ఇంకో కంపెనీ సిమ్ పడకుండా తాళం వేస్తుంది. మన దగ్గరా ఇలాంటివి లేకపోలేదు, 2003లో 501 రూపాయలు కట్టించుకుని ఇచ్చిన రిలయన్స్ సెట్లు, 2017లో వచ్చిన జియోఫోన్ ఆ బాపతే. కానీ వాటిని వేరే నెట్‌వర్క్‌కి మార్చుకుందామని తాపత్రయపడినవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి.

ఐఫోన్ లాక్‌లో ఉందో లేదో తెలుసుకోవడం తేలికే. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి కిందకి వెళ్తే ‘క్యారియర్ లాక్’ అని ఉంటుంది. దాని ఎదురుగా ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉంటే ఏ సిమ్ అయినా వేసుకోవచ్చు. మాదాంట్లో ‘సిమ్ లాక్డ్’ అని ఉంది. ఎవరైనా అమెరికా నుంచి ఫోన్ పంపిస్తుంటే విమానం ఎక్కకముందే ఈ ఒక్క లైను ఫొటో తీసి పంపమనండి, సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

అమలాపురంలో ఒక షాపుకి తీసుకెళ్లాను. కుర్రాడు ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి “ఆయ్, అయిపోద్దండి, చిప్పు పెట్టేద్దాం” అన్నాడు. సిమ్ కింద కాగితమంత పల్చటి చిప్పు అంటిస్తారట, అది మన సిమ్‌ని అమెరికా కంపెనీ సిమ్‌లా చూపించి ఫోన్‌ని నమ్మిస్తుందట. “సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వస్తే?” అని అడిగాను. “అప్‌డేట్ మాత్రం చేయకండి” అన్నాడు. అమ్మ చేతిలో ఉండే ఫోన్, ఏ మనవడో వచ్చి నొక్కడని గ్యారంటీ ఏముంది? ఇంకో షాపాయన ఇంకా ముందుకెళ్లి ఐఎంఈఐ నంబరే మార్చేస్తానన్నాడు. *#06# కొడితే కనిపించే 15 అంకెల నంబర్ అది, ఒక్కో ఫోన్‌కి ఒక్కోటి ఉంటుంది. దాన్ని మార్చడం నేరం, 2023 టెలికాం చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. దండం పెట్టి బయటికొచ్చేశాను.

సరైన దారి ఒక్కటే, తాళం వేసిన కంపెనీయే తీయాలి. దానికి ఇక్కడ కూర్చుని మనం చేయగలిగింది దాదాపు ఏమీ లేదు, ఎందుకంటే అడగాల్సింది ఫోన్ ఎవరి ఖాతాలో ఉందో వాళ్లు. ఇక్కడే మాకు అసలు చిక్కు వచ్చింది. చదువుకునే రోజుల్లో చెల్లి, రూమ్మేట్లు కలిసి ఒకే ఫ్యామిలీ ప్లాన్‌లో ఉండేవారు, డబ్బులు కలిసొస్తాయని అక్కడ మనవాళ్లు చాలామంది ఇలాగే చేస్తారు. ఖాతా ఒక సీనియర్ అమ్మాయి పేరు మీద ఉంది. ఆ అమ్మాయి ఇప్పుడు పెళ్లై న్యూజెర్సీలో ఉంటోంది. చెల్లి తన వాటా నెలనెలా పంపుతూనే ఉంది కానీ ఫోన్ మీద ఇంకా కొన్ని వాయిదాలు మిగిలే ఉన్నాయని కంపెనీ చాట్‌లో అడిగితేనే తెలిసింది. ఒకేసారి కట్టేస్తే నెలనెలా బిల్లులో తగ్గించే ఆఫర్ డబ్బులు పోతాయన్నారు. పోతే పోనీలే అని చెల్లి కట్టేసింది.

కట్టాక కూడా వెంటనే కాలేదు. అన్‌లాక్ కోసం దరఖాస్తు పెడితే ఖాతాదారు మెయిల్‌కి ఒక లింకు వస్తుంది, దాన్ని గడువులోగా నొక్కాలి. ఆ అమ్మాయికి అది స్పామ్‌లో పడింది, చూసేసరికి గడువు దాటిపోయింది, మళ్లీ మొదటికి. మనకీ టెక్సాస్‌కీ చలికాలంలో పదకొండున్నర గంటల తేడా, న్యూజెర్సీకి పదిన్నర. మేం భోజనాలు చేస్తుంటే వాళ్లు నిద్రలో ఉంటారు, వాళ్లు పని ముగించుకుని ఖాళీ అయ్యేసరికి మాకు తెల్లవారుజాము. మొత్తానికి ‘మీ ఫోన్ అన్‌లాక్ అయింది’ అని మెయిల్ వచ్చింది. అది రాగానే ఫోన్‌ని ఇంట్లో వైఫైకి కలిపి, అమ్మ సిమ్ వేసి, ఒకసారి ఆపి ఆన్ చేస్తే సరిపోయింది. అలా కాకపోతే అంతా బ్యాకప్ తీసి, ఫోన్ చెరిపేసి కొత్తగా సెటప్ చేయాలంటారు, మాకు ఆ అవసరం పడలేదు. నెట్ మాత్రం ఉండాలి, ఎందుకంటే తాళం తీసిన సంగతి ఫోన్ తెలుసుకునేది ఆపిల్ సర్వర్ నుంచే.

ఈ మధ్యలో ఇంకో తలనొప్పి. అమ్మ సిమ్ పాత కీప్యాడ్ ఫోన్ నాటిది, మేం ఇంట్లో కత్తిరించి నానో సైజు చేసి వాడుతున్నాం, అది ఈ ట్రేలో ఉండుండి వదులైపోతోంది. అదే నంబర్ మీద కొత్త సిమ్ తీసుకున్నాం. సిమ్ మారిస్తే 24 గంటలు మెసేజ్‌లు రావు, పోవు. మోసాలు జరగకుండా పెట్టిన నియమం అది, మంచిదే. కానీ ఆ రోజంతా బ్యాంకు ఓటీపీ రాదు, ఫోన్‌పే నమోదు కూడా అవ్వదు, దానికి మన సిమ్ నుంచి మెసేజ్ వెళ్లాలి కదా. డబ్బు పని ఏదైనా ఉంటే సిమ్ మార్చకముందే చేసేసుకోండి.

తాళం పోయాక తెలిసిన సంగతి ఏంటంటే, అన్‌లాక్ అయితే సిమ్ పడుతుంది, సిగ్నల్ మాత్రం ఫోన్‌లో ఉన్న బ్యాండ్లను (అది పట్టగల రేడియో తరంగాల శ్రేణులను) బట్టి, ఊళ్లో ఉన్న టవర్‌ను బట్టి వస్తుంది. ఐఫోన్ 13 అమెరికా మోడల్‌లో మన 4జీ బ్యాండ్లు, 5జీ కూడా ఉన్నాయి కాబట్టి బెంగ లేదు. మా పెదనాన్నగారబ్బాయికి అమెరికా నుంచి వచ్చిన ఆండ్రాయిడ్ ఫోన్‌లో అన్‌లాక్ అయినా నెట్ వచ్చేది, కాల్ వెళ్లేది కాదు. మన కంపెనీ వోల్టే (4జీ మీదే మామూలు కాల్ వెళ్లే ఏర్పాటు) సెట్టింగ్ ఆ మోడల్‌లో లేదు. జియోకి 2జీ, 3జీ లేవు కాబట్టి అలాంటి ఫోన్‌లో వోల్టే లేకపోతే మామూలు కాల్ వెళ్లే దారే లేదు. ఎయిర్‌టెల్‌కి 2జీ ఇంకా ఉంది, కాల్ దాని మీద వెళ్తుంది. కాబట్టి ఫోన్ రాగానే సిమ్ వేసి ఒక కాల్ చేసి చూడండి, వాట్సాప్ కాల్ వెళ్లిందని మురిసిపోవద్దు.

మా ఇంట్లో మాత్రం వంటగది వైపు పాత నెట్‌వర్క్‌కి సిగ్నల్ ఉండేది కాదు. ఫోన్‌కి ఇప్పుడు ఏ కంపెనీ సిమ్ అయినా ఒకటే కాబట్టి, చుట్టాల సిమ్‌లు అడిగి తీసుకుని ఒక్కోటి వేసి ఇల్లంతా తిరిగి చూశాం. ఏది బాగా పనిచేసిందో దానికి మారాం, నంబర్ అదే. ఇంగ్లీషులో పోర్ట్ అని రాసి, ఖాళీ వదిలి, మన పది అంకెల నంబర్ కొట్టి 1900కి పంపితే 8 అక్షరాల కోడ్ వస్తుంది, దాంతో కొత్త కంపెనీ దగ్గరికి వెళ్లాలి. కోడ్ నాలుగు రోజులే చెల్లుతుంది. సిమ్ మార్చిన వారం లోపల అడిగితే కోడ్ ఇవ్వరు, ఆ మధ్య వచ్చిన నియమం, అందుకే మేం కాస్త ఆగాల్సి వచ్చింది.

ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లలో సిమ్ ట్రే ఉండదు, అన్నీ ఈసిమ్‌లే, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్‌లు. అలాంటిది వస్తుంటే లాక్ ఒక్కటే కాదు, మీ కంపెనీలో సిమ్‌ని ఈసిమ్‌గా మార్చుకునే పద్ధతి కూడా ముందే చూసి పెట్టుకోండి, ఫోన్‌లోని ఈసిమ్ చిప్పుని గుర్తించే 32 అంకెల ఈఐడీ నంబర్ దానికి అడగొచ్చు.