మడతపెట్టే పెద్ద సైకిల్‌తో ఒక శుక్రవారం సాయంత్రం

పోయిన అక్టోబర్లో ఒక శుక్రవారం ఆఫీసు నుంచి ఇంటికి చేరడానికి నాకు ఐదు గంటలు దాటింది. రోజూ గంటన్నరలో అయిపోయే దారి. కావాలనే చుట్టు తిరిగి వచ్చా, నాలుగేళ్ళుగా మనసులో పెట్టుకున్న దారి అది, మన్‌హట్టన్ కొసన పడవెక్కి స్టాటెన్ ఐలాండ్, అక్కణ్ణుంచి తొక్కుకుంటూ బేయోన్ బ్రిడ్జి దాటి జెర్సీ సిటీ దాకా, తర్వాత రైలు. మామూలు సైకిల్ ఉన్నవాళ్ళు ఇలాంటివి వీకెండ్ పెట్టుకుంటారు. పనిరోజు పొద్దున అదే సైకిల్‌తో ఆఫీసుకెళ్ళి సాయంత్రం ఇలా రావాలంటే మాత్రం నా సైకిల్ లాంటిదే ఉండాలి.

మేముండేది న్యూజెర్సీలో ఎడిసన్. ఇంటి నుంచి మెట్రోపార్క్ స్టేషన్ మూడు మైళ్ళు, అక్కడ రైలెక్కితే న్యూయార్క్ పెన్ స్టేషన్, దిగాక మళ్ళీ మూడు మైళ్ళ కిందకి మా ఆఫీసు. పొద్దున న్యూయార్క్ వైపు వెళ్ళే రద్దీ రైళ్ళలో మామూలు సైకిళ్ళు ఎక్కనివ్వరు, మడతపెట్టేవైతే ఏ టైములో అయినా ఎక్కించుకోవచ్చు. అందుకని మొదట నేనూ అందరిలాగే 20 అంగుళాల చక్రాల బుల్లి ఫోల్డింగ్ సైకిల్ కొన్నా. మడిస్తే కాళ్ళ దగ్గర పట్టేస్తుంది, ఆ సుఖం గొప్పదే, కాదనను. కానీ నేను దాదాపు ఆరడుగులుంటా, పైగా ఇక్కడ చలికాలం వెళ్ళేసరికి రోడ్ల నిండా గుంటలు, చిన్న చక్రం గుంటలోకి దిగిపోయి అక్కడే గట్టిగా కొడుతుంది, పెద్ద చక్రం అదే గుంట మీద నుంచి దొర్లిపోతుంది. రెండేళ్ళు తొక్కాక నడుం నొప్పి మొదలైంది.

అప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది ఈ మాంటగ్యూ. ఈ కంపెనీది మసాచుసెట్స్‌లో కేంబ్రిడ్జి, 1987లో ఒక ఆర్కిటెక్ట్, ఆయన కొడుకు కలిసి పెట్టారు, తర్వాత 90ల్లో అమెరికా సైన్యంలో పారాచూట్ దళాల కోసం కూడా ఒక మడత సైకిల్ తయారుచేశారు. నాది అంత బరువైంది కాదు, 13 కిలోలు, 7 గేర్లు, చక్రాలు మాత్రం పూర్తి సైజు, రోడ్డు మీద వెళ్తుంటే ఇది మడతపెట్టే సైకిల్ అని ఎవరూ అనుకోరు. ఫ్రేము మధ్యలో ఎక్కడా కోత ఉండదు. సీటు గొట్టం చుట్టూ తలుపు బందు మీద తిరిగినట్టు ముందు సగం మొత్తం తిరుగుతుంది, కీలకం అంతా అక్కడే. ముందు చక్రం లివర్ తిప్పి ఊడదీయాలి, సీటు కిందకి దించాలి, పై గొట్టం దగ్గర లివర్ ఎత్తి హ్యాండిల్ పట్టుకుని వెనక్కి తిప్పితే ముందు ఫోర్కు వచ్చి వెనక చక్రం పక్కన నిలబడుతుంది. మొదట్లో మూడు నిమిషాలు పట్టేది, ఇప్పుడు అర నిమిషం. మడిస్తే మూడడుగుల పొడుగు, రెండడుగుల పైన ఎత్తు, అడుగు మందం. చిన్నదేం కాదు, కాళ్ళ దగ్గర పట్టదు, రైల్లో తలుపు దగ్గర ఖాళీలో నిలబెట్టుకుని దాని పక్కనే నేనూ నిలబడాలి. చైను బయటికే ఉంటుంది కాబట్టి పక్కవాళ్ళ బట్టలకి మసి అంటకుండా మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు పాత దుప్పటి కత్తిరించి దానికో గలేబు కుట్టింది, మూతి దగ్గర లంగా నాడా ఎక్కించి. నాలుగేళ్ళ నుంచి అదే వాడుతున్నా, రెండుసార్లు నాడా మార్చా అంతే.

ఆ శుక్రవారం పొద్దున అంతా రోజూలాగే గడిచింది. పెన్ స్టేషన్ బయట సైకిల్ విప్పి 29వ స్ట్రీట్ మీదుగా హడ్సన్ ఒడ్డుకి, అక్కణ్ణుంచి నది పక్కనే సైకిల్ దారి, కార్లు లేవు, కుడి చేతి వైపు నీళ్ళు. ఈ పావుగంట కోసమైనా నేను ఆఫీసుకి వెళ్తా. ఆఫీసులో సైకిల్ నా టేబుల్ వెనక గోడకి ఆనించి ఉంటుంది, న్యూయార్క్‌లో ఆఫీసు బిల్డింగుల్లోకి సైకిల్ తెచ్చుకోవడానికి 2009లోనే చట్టం తెచ్చారు, బయట తాళం వేసి సాయంత్రం ఉందా పోయిందా అని గుండె పట్టుకుని దిగాల్సిన పని లేదు.

నాలుగింటికి బయటపడి వైట్‌హాల్ టెర్మినల్‌కి వెళ్ళా. స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీకి టికెట్ లేదు, 1997 నుంచి ఫ్రీ. సైకిళ్ళవాళ్ళని కింది అంతస్తు నుంచి ఎక్కిస్తారు, తనిఖీ కోసం ముందు కుక్కని తెచ్చి వాసన చూపిస్తారు. ప్రయాణం 25 నిమిషాలు. కుడి పక్కకి వెళ్ళి నిలబడితే స్టాట్యూ ఆఫ్ లిబర్టీ మెల్లగా దగ్గరకొచ్చి మెల్లగా వెనక్కి పోతుంది, టూరిస్టులంతా ఫోన్లు పట్టుకుని ఆ పక్కకే చేరతారు, నా పక్కన హాస్పిటల్ బట్టల్లో ఉన్న ఒకామె మాత్రం బెంచీ మీద నిద్రపోయింది, రోజూ పోయే మనిషి అనుకుంటా.

దిగాక రిచ్‌మండ్ టెర్రస్ రోడ్డు పట్టుకున్నా. కిల్ వాన్ కల్ అనే సన్నటి పాయ వెంబడే పోతుంది ఆ రోడ్డు, ఒక పక్క టగ్ బోట్ల యార్డులు, తుప్పు వాసన, డీజిల్ వాసన, సైకిల్‌కి వేరే దారి ఉండదు, లారీలు పక్కనుంచే పోతాయి. నాలుగు మైళ్ళ పైచిలుకు. తారు అతుకులు అతుకులుగా ఉంది, పాత చిన్న సైకిల్ మీద ఈ రోడ్డు అస్సలు తొక్కేవాణ్ణి కాదు. సగం దాటాక వెనక చక్రం మెత్తబడినట్టు అనిపించింది, దిగి చూస్తే గాలి పోయింది.

పక్కన ఒక గోదాము ముందు ఆపి సైకిల్ బోర్లించి వెనక చక్రం తీశా. ట్యూబు మార్చేముందు టైరు లోపల వేలు పెట్టి చుట్టూ నెమ్మదిగా తడమాలి, అలా చూడకుండా కొత్త ట్యూబు వేస్తే అదే ముక్క దాన్నీ కోస్తుంది. తెనాలిలో మా వీధి చివర పంక్చర్లు వేసే ఆయన నేర్పిన పని అది, ఆయన దగ్గర తొట్లో నీళ్ళుండేవి, ట్యూబు ముంచి బుడగ ఎక్కడొస్తుందో చూపించి "ఇదిగో చూడు బాబూ, ఇక్కడుంది దొంగ" అనేవాడు. నాకూ దొరికింది, ఆకుపచ్చ సీసా పెంకు, బియ్యపు గింజంత, టైరులోకి దిగబడి ఉంది, తాళంచెవి కొసతో బయటికి లాగేశా. నా సైకిల్‌కి మామూలు 700సి ట్యూబే కాబట్టి బ్యాగులో ఒకటి స్పేరుంది, అది లేకపోయినా ఏ సైకిల్ షాపులో అడిగినా ఇస్తారు, చిన్న చక్రాల సైజులకి ఒకసారి నేను మూడు షాపులు తిరిగా. చేతి పంపుతో గాలి కొట్టేసరికి భుజాలు లాగేశాయి, ఇరవై నిమిషాలు పోయింది.

ఆ ఇరవై నిమిషాల ఆలస్యం వల్లే బ్రిడ్జి మీదకి ఎక్కేసరికి సరిగ్గా పొద్దుగూకుతోంది. బేయోన్ బ్రిడ్జి 1931లో కట్టారు, 511 మీటర్ల ఉక్కు ఆర్చి, అప్పటికి ప్రపంచంలో అంత పొడుగు ఆర్చి ఇంకోటి లేదు, సిడ్నీ హార్బర్ బ్రిడ్జి మరుసటేడు వచ్చింది కానీ దీనికన్నా కాస్త తక్కువే. అయితే కంటైనర్ ఓడలు రానురాను ఎత్తు పెరిగిపోయి దీని కింద పట్టకపోవడంతో ఆర్చి అలాగే ఉంచి దాని మధ్యలోంచి వెళ్ళే రోడ్డుని మాత్రం పైకి లేపారు, 151 అడుగుల నుంచి 215 అడుగులకి. వంతెన మీద బళ్ళు పోతుండగానే చేశారా పని. ఇంజినీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి అప్పట్లో ప్రతి ఫొటో చూసేవాణ్ణి. ఇప్పుడు పక్కనే సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ వెడల్పాటి దారి ఉంది, ఎక్కేటప్పుడు చిన్న గేరులో ఆయాసపడుతూ ఎక్కి నడిమికి వెళ్ళి ఆగా. కింద నుంచి ఒక ఓడ పోతోంది, పెట్టెల మీద పెట్టెలు, నేను వాటి పైభాగాలు చూస్తున్నా, ఒక పెట్టె మీద వాన నీళ్ళు నిలిచి ఆకాశం రంగు కనపడుతోంది. దూరంగా మన్‌హట్టన్‌లో లైట్లు వెలుగుతున్నాయి, పొద్దున నేను తొక్కిన ఒడ్డు అదే. పది నిమిషాలు కదల్లేదు.

బేయోన్ నుంచి జెర్నల్ స్క్వేర్ దాకా ఆరు మైళ్ళు కెనడీ బూలవార్డ్ మీద, దాని గురించి చెప్పడానికేం లేదు, సిగ్నళ్ళు, బస్సులు, చీకటి, వెనక లైటు బ్లింకింగ్‌లో పెట్టుకుని జాగ్రత్తగా వచ్చేశా. అక్కడే జెర్సీ సిటీలో న్యూఆర్క్ అవెన్యూ అనే వీధిలో మన కొట్లన్నీ ఉంటాయి, ఒక మసాలా దోశ తిని పాపకి జిలేబీ కట్టించుకుని, సైకిల్ మడిచి గలేబు తొడిగి పాత్ అనే లోకల్ ట్రైన్‌లో న్యూఆర్క్ ఊరికి వచ్చి మెట్రోపార్క్ రైలెక్కా.

రైల్లో మా ఆవిడ ఫోను. "ఏవండీ, ఎక్కడి దాకా వచ్చారు, అన్నం వడ్డించి ఉంచనా?" అంది, తిన్నానని చెప్పి పెట్టేసేసరికి పక్కన నిలబడ్డ పెద్దాయన "తెలుగువాళ్ళా బాబూ, ఏవూరు?" అన్నారు. వాళ్ళది రాజమండ్రి దగ్గర పల్లెటూరు, కొడుకు దగ్గరికి ఆరు నెలలకి వచ్చారు, రిటైరైన లెక్కల మాష్టారు. గలేబు వైపు చూసి అందులో ఏముందన్నారు. సైకిలండీ అంటే నమ్మలేదు, నాడా విప్పి చూపించా.

"మడతమంచంలా ఉందే!" అన్నారు. ముప్ఫై ఏళ్ళు సైకిల్ మీదే బడికెళ్ళారట, రోజుకి పద్నాలుగు కిలోమీటర్లు, వానాకాలం కాలవ గట్టు మీద బురదలో సైకిల్ భుజాన వేసుకుని నడిచేవారట. ఇక్కడికొచ్చాక ఎక్కడికెళ్ళాలన్నా కొడుకు కారు తీయాల్సిందే, అది ఆయన బాధ, బయటికి అనలేదు గానీ "ఇక్కడ ముసలాళ్ళు తొక్కచ్చా బాబూ?" అని రెండుసార్లు అడిగారు. తొక్కచ్చండీ, పార్కులో రాజాలా తొక్కచ్చు, ఆదివారం నేను తీసుకొస్తా ఉండండి అన్నా, వాళ్ళబ్బాయి నంబర్ తీసుకున్నా.

మెట్రోపార్క్‌లో దిగాక వాళ్ళబ్బాయి కారు తేవడానికి వెళ్ళాడు. నేను ఫ్రేము తిప్పి లివర్ బిగించి సీటు లేపుతుంటే మాష్టారు చేతికర్ర గోడకి ఆనించి ముందు చక్రం తీసుకున్నారు, ఇవ్వండి నేను పెడతా అంటే ఇవ్వలేదు, వంగి ఫోర్కులో కూర్చోబెట్టి లివర్ నొక్కారు. తర్వాత హ్యాండిల్ ఎత్తి పట్టుకుని చక్రాన్ని అరచేత్తో ఒక్క తోపు తోసి, అది తిరుగుతున్నంతసేపు తల వంచి విన్నారు.

"బాల్సు బానే ఉన్నాయి బాబూ, శబ్దం లేదు" అన్నారు.