రెండు ఆటల మధ్య పెరిగిన హ్యారీ రైట్

మావాడు బేస్‌బాల్ టీమ్‌లో చేరాక బంధువులు బాధపడుతున్నారు, పిల్లాడు క్రికెట్‌కీ మనకీ దూరమైపోతాడేమోనని. ఆ టెన్షన్ నాకూ ఉండేది. మేముండేది అమెరికాలోని సిన్సినాటి దగ్గర. ఈ ఊరి బేస్‌బాల్ చరిత్ర చదువుతుంటే హ్యారీ రైట్ గురించి తెలిసింది. అప్పటి నుంచి నా భయం చాలావరకు పోయింది.

హ్యారీ 1835లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పుట్టాడు. చంటిపిల్లాడిగా ఉన్నప్పుడే అమెరికా తీసుకొచ్చారు. అంటే ఆయనా మన పిల్లల్లాంటివాడే. తండ్రి న్యూయార్క్‌లోని సెయింట్ జార్జ్ క్రికెట్ క్లబ్‌లో జీతానికి ఆడేవాడు. కొడుకు అక్కడే ఆట నేర్చుకున్నాడు. 1858లో నికర్‌బాకర్స్ అనే బేస్‌బాల్ క్లబ్‌కి ఆడటం మొదలుపెట్టాడు గానీ క్రికెట్ మానలేదు. 1865లో సిన్సినాటి వచ్చింది కూడా క్రికెట్ క్లబ్‌లో ఉద్యోగానికే.

బేస్‌బాల్‌ని అప్పట్లో పెద్దమనుషుల సరదా ఆటగానే చూసేవారు. డబ్బు ఇచ్చినా చాటుగా ఇచ్చేవారు. ఆటే ఉద్యోగం కావడం మాత్రం హ్యారీ చిన్నప్పటి నుంచీ ఇంట్లో చూసిందే. 1869లో సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ అనే బేస్‌బాల్ జట్టు తన ఆటగాళ్లందరికీ బాహాటంగా జీతాలిచ్చింది. ఆ జట్టుని తయారుచేసి నడిపించింది ఆయనే, సెంటర్ ఫీల్డ్‌లో (మైదానం వెనక వైపు మధ్య భాగంలో) ఆడిందీ ఆయనే. ఆయన జీతం 1,200 డాలర్లు, తమ్ముడు జార్జ్‌ది 1,400. తనకంటే బాగా ఆడే తమ్ముడికి ఎక్కువ జీతం దక్కనిచ్చిన ఆ అన్నంటే నాకు ఎంతో గౌరవం. ఆ ఏడాది ఆడిన 57 మ్యాచులూ గెలిచారు.

తర్వాత బోస్టన్‌లో మేనేజర్‌గా 1872 నుంచి 1875 దాకా వరసగా నాలుగుసార్లు, మళ్లీ 1877, 1878లో లీగ్ టైటిల్ గెలిచాడు. మ్యాచ్‌కి ముందు క్రమం తప్పని ప్రాక్టీస్, ఒక ఫీల్డర్ వెనక ఇంకొకడు కాపు కాయడం ఆయన పట్టుబట్టి నేర్పించినవే. ఇప్పుడు మావాడి కోచ్ నేర్పేవీ అవే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1874 నాటి ప్రయాణం. బోస్టన్, ఫిలడెల్ఫియా జట్లు ఇంగ్లండ్ వెళ్లి అక్కడివాళ్లకి బేస్‌బాల్ ఆడి చూపించాయి, వాళ్లతో క్రికెట్టూ ఆడాయి. లార్డ్స్‌లో కూడా ఆడారు. క్రికెట్‌లో ఒక్క మ్యాచ్ ఓడలేదు (వీళ్ల వైపు పదకొండు మందికంటే ఎక్కువమంది ఆడారనుకోండి). చంటిపిల్లాడిగా వదిలి వచ్చిన దేశానికి హ్యారీ రెండు ఆటలూ వెంటబెట్టుకుని వెళ్లాడు.

ఈ కథ మావాడికి బాగా పట్టింది. వేసవిలో రాజమండ్రి వెళ్లినప్పుడు బాబాయి పిల్లలకి బేస్‌బాల్ నేర్పుతానని గ్లవ్స్ ఇప్పుడే సూట్‌కేస్‌లో పెట్టాడు. వాళ్లతో క్రికెట్ కూడా ఆడాలిగా, అందుకని రోజూ సాయంత్రం ఇద్దరం స్ట్రెయిట్ డ్రైవ్ ప్రాక్టీస్ చేస్తున్నాం.