మాస్టారికి పొడిచింది నీళ్లేనట!

కరోనా టీకా రెండో డోసుకి తొమ్మిది నెలలు నిండగానే, నిన్న మూడోది వేయించుకొచ్చాను. కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

నాకు 64. పర్లాకిమిడిలో లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. పోయినేడు, అంటే 2021లో, లింఫోమాకి (అదొక రక్త క్యాన్సరు) విశాఖలో ఆరు కీమోలయ్యాయి, ప్రతిసారీ రిటుక్సిమాబ్ అనే మందుతో కలిపి. ఆ మధ్యనే ఏప్రిల్‌లో కోవిషీల్డ్ మొదటి డోసు, జులైలో రెండోది. చెయ్యి ఒకరోజు నొప్పెట్టింది, అంతే. మా వీధిలో సూదంటే భయపడ్డ పది ఇళ్లవాళ్లని ఒప్పించింది నేనే. గొప్పకే చెప్తున్నాను.

టీకా పనిచేసిందో లేదో చూద్దామని, పోయిన నెల బజారులో ఒక ల్యాబులో యాంటీబాడీ (వైరస్‌ని అడ్డుకోడానికి ఒళ్లు తయారుచేసుకునేవి) పరీక్షకి రక్తమిచ్చాను. నా బుద్ధి గడ్డి తింది. సాయంత్రం కాగితం కోసం వెళ్తే బెంచీ నిండా జనం. కౌంటరులో కుర్రాడు, ఒకప్పుడు నా దగ్గర చదివినవాడే, గొంతెత్తి "మాస్టారూ, నెగటివ్! అసలు సూది వేయించుకున్నారా, సర్టిఫికెట్టొక్కటే తెచ్చుకున్నారా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఒకాయన ఒడియాలో, నీళ్లు పొడిచి ఉంటార్లే అన్నాడు. ఫోన్లో సర్టిఫికెట్టు తీసి చూపించబోతే చేతులు వణికాయి. అంతమంది పిల్లల్ని అదిలించినవాణ్ని, నోట మాట రాలేదు. మర్నాటికి వీధంతా పాకింది. "నీళ్ల కోసం మళ్లీ పొడిపించుకోవాలా నాయనా?" అంది పక్కింటి పిన్ని.

పాతపట్నం మీదుగా విశాఖ పోయి డాక్టరమ్మకి కాగితం చూపించాను. అది ఎన్-ప్రొటీన్ పరీక్షట, అంటే వైరస్ లోపలి ప్రొటీన్‌ మీద యాంటీబాడీలు ఉన్నాయేమో చూసేది. కరోనా వచ్చి పోయిందో లేదో చెప్పేది. కోవిషీల్డ్ ఒంటికి చూపించేది వైరస్ పైనుండే ముల్లులాంటి ప్రొటీన్, స్పైక్, ఒక్కటే కాబట్టి ఎవరికి వేసినా ఆ పరీక్షలో తేలదు. డబ్బు దండగ! స్పైక్ పరీక్ష చేయిస్తే అందులోనూ 0.4 కంటే తక్కువ. 0.8 ఉంటేనే పాజిటివ్. గుండె జారింది.

"యాంటీబాడీలు తయారుచేసేవి బి కణాలు. మీ జబ్బూ వాటిలోదే. రిటుక్సిమాబ్ మంచీ చెడూ చూడకుండా అన్నిటినీ ఊడ్చేస్తుంది. వండేవాళ్లు లేని ఇంటికి బియ్యం పంపితే అన్నమవుతుందా మాస్టారూ?" అందావిడ. ఆ మందు ఆపాక ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది దాకా ఇంతేనట. ఒంటిని కాపాడే టి కణాలు వేరు, అవి టీకాని గుర్తుపట్టి ఉండొచ్చు, ఈ పరీక్షలో కనబడవు. రొమ్ము, పేగు క్యాన్సర్ల వాళ్లలో చాలామందికి రెండు డోసులకే యాంటీబాడీలు వస్తాయి, ఈ తంటా ఎక్కువగా రక్త క్యాన్సర్లకే అంది. మూడోది వేయించుకోమంది, ఇంట్లోవాళ్లందరికీ వేయించమంది, మాస్కు తియ్యొద్దంది.

టీకా పనిచేసిందో చూసుకోడానికి మీరెవరైనా ల్యాబుకి వెళ్తే డబ్బు కట్టేముందే "స్పైక్ పరీక్షేనా?" అని అడగండి. తెల్లమొహం వేస్తే లేచి వచ్చెయ్యండి. ఆ కుర్రాడికి రెండు కాగితాలూ చూపిస్తే "సార్, మేం రిపోర్టు ఇస్తామంతే" అన్నాడు. మరి ఆ రోజు నోరెందుకు పారేసుకున్నట్టు?

నిన్న పిన్నిని కూడా తీసుకెళ్లాను. నర్సు సీసాలోంచి మందు లాగుతుంటే కళ్లజోడు పెట్టుకుని మరీ చూసింది.